ఇల్లు విప్పడం

నలభై దాటిన వయసులో కంప్యూటరు ముందు కూర్చొని ఇళ్ళు కూల్చే ఆట ఆడుతూ ఉంటానని చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఇక్కడికి వచ్చే మిత్రులు నా దగ్గర పుస్తకాల ముచ్చట్లు ఆశిస్తారు. ఈసారికి మన్నించాలి. ఆటతోనే మొదలుపెట్టకపోతే మా ఇంటి సంగతి చెప్పలేను.

ఆట పేరు ‘రెడ్ ఫాక్షన్: గెరిల్లా’. అమెరికాలోని వొలిషన్ అనే సంస్థ తయారుచేసింది. 2009 జూన్‌లో గేమింగ్ యంత్రాలకు, ఆ సెప్టెంబరులో కంప్యూటర్లకు విడుదలయింది. కథ 2125లో అంగారకుడి మీద జరుగుతుంది. అక్కడి గనుల జనాన్ని ఈడీఎఫ్ అనే భూలోకపు సైన్యం అణచివేస్తూ ఉంటుంది. పని వెతుక్కొంటూ వచ్చిన ఆలెక్ మేసన్ అనే గని ఇంజనీరు, తన తమ్ముణ్ణో అన్ననో ఆ సైన్యం చంపివేయగా తిరుగుబాటుదారులలో చేరతాడు. (వాళ్ళ భాషలో ఒకే మాట గనుక పెద్దవాడో చిన్నవాడో నాకు తెలియలేదు. మన భాషలో ఈ ఇబ్బంది లేదు.) ‘మేసన్’ అంటే తాపీమేస్త్రీ. కట్టేవాడి పేరు పెట్టుకొన్న మనిషి చేతికి సమ్మెట ఇచ్చి, కనిపించినదల్లా కూల్చమంటారు. ఇది కావాలని పెట్టిన వేళాకోళమో, ఊరికే కలిసివచ్చిందో కాని, నాకు ప్రతిసారీ నవ్వు వస్తుంది.

కథ అంతమాత్రమే. ఆటలోని గొప్పదనం గోడలలో ఉంది. సాధారణంగా ఇలాంటి ఆటలలో కట్టడాలు నాటకాల తెరల వంటివి. తుపాకి పేల్చినా, ఫిరంగి పేల్చినా ఒక నల్లమచ్చ పడి ఊరుకొంటాయి. ఇక్కడ అలా కాదు. సమ్మెటతో ఎక్కడ కొడితే అక్కడే, కొట్టినంత మేరకే పగులుతుంది. కన్నం పడితే అవతలి గది కనబడుతుంది. మూల స్తంభం కొడితే కప్పు కొంచెం ఒరుగుతుంది, ములుగుతుంది. రెండవ స్తంభం తీస్తే ఆ బరువంతా మూడవదాని మీద పడుతుంది. అదీ మోయలేనప్పుడు మేడంతా దుమ్ములో కూలబడుతుంది, మీరు కింద ఉంటే మీతో సహా. తయారీదారులు చెప్పిన ముచ్చట ఒకటి ఉంది. మొదట చిత్రకారులు అందంగా గీసిన భవనాలు, ఆటలోకి తెచ్చి నిలబెట్టగానే తమ బరువుకు తామే కూలిపోయేవట. చివరికి నిజం భవనాలు ఎలా నిలుస్తాయో నేర్చుకొని, ఆధారాలు సరిగా అమర్చవలసి వచ్చిందట. కూల్చే ఆట చేయబోయి కట్టడం నేర్చుకొన్నారన్నమాట.

ఇంకొక విశేషం. ఇదే వరుసలో 2001లో వచ్చిన మొదటి ఆటలో నేలనూ కొండనూ తొలుచుకొంటూ పోవచ్చు. గెరిల్లాలో ఆ వీలు తీసివేశారు. మనుషులు కట్టినదంతా పగులుతుంది, నేల మాత్రం పగలదు. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది.

నేను ఈ ఆట మొదలుపెట్టింది 2009 అక్టోబరు మొదటి వారంలో, హైదరాబాదులోని అద్దె గదిలో. ఆ వారం ఏమి జరిగిందో కృష్ణా తుంగభద్రల మధ్యవాళ్ళు మరచిపోరు. మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. అక్టోబరు 2న కర్నూలు పట్టణం మునిగింది. అలంపురం మునిగింది. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చి, 885 అడుగుల వద్ద నిలవవలసిన మట్టం 896 దాటింది. మా ఊరు బీచుపల్లి దగ్గర. హైదరాబాదు నుండి కర్నూలు పోయే జాతీయ రహదారి కృష్ణను దాటేది అక్కడే. వంతెన పక్కన ఒడ్డు మీద ఆంజనేయస్వామి గుడి ఉంటుంది. బస్సు వంతెన ఎక్కగానే సగం మంది ప్రయాణికులు ఆ వైపు తిరిగి దండం పెడతారు, తక్కినవారు నీళ్ళు ఎన్ని ఉన్నాయో చూస్తారు. మా నాయన రెండవ రకం.

అమ్మ ఫోను చేసి, “ఏరు గుడి కాడికి వచ్చిందంట, మనం మిట్ట మీద ఉన్నం, భయం లేదు” అన్నది. ఆ తరువాత ఒకరోజు పొడుగునా ఫోను కలవలేదు. నేనేమి చేశానో నిజం చెబుతాను. ఫోను పక్కన పెట్టుకొని, ప్రతి పావుగంటకూ కలుపుతూ, మధ్యలో అంగారకుడి మీద ఒక వంతెనకు మందుపాతరలు అమర్చాను. ఏదో ఒకటి చేతుల్లో ఉండాలి కదా అని నన్ను నేను సమర్థించుకొన్నాను. వంతెన ఎంత అందంగా కూలిందంటే, రెండవసారి చూడడానికి పాత స్థానం నుండి మళ్ళీ ఆడాను.

దారి తెరుచుకొన్నాక ఊరికి వెళ్ళాను. ఏటి నీరు మా ఇంటికి రాలేదు. కాని వానకు నానిన వెనుకగోడ కూలిపోయింది. అదీ వానలో కాదు, వాన వెలిసి ఎండ కాసిన రెండవ రోజున, మధ్యాహ్నం, ఎవరూ ముట్టుకోకుండా. మట్టిగోడ తీరు అదేనట. తడిసినంతసేపు ఒకదాన్నొకటి పట్టుకొని ఉండి, ఆరడం మొదలైనప్పుడు విడిపోతుంది. ఏ ఆటలోనూ నేను ఇలాంటి కూలడం చూడలేదు. శబ్దం కూడా పెద్దగా లేదని అమ్మ చెప్పింది. బస్తా దించినట్లు ఒక చప్పుడు, అంతే. నాయన ఆ స్థలంలో సిమెంటు ఇటుకలతో గోడ పెట్టించాడు. నేను తిరిగి వెళ్ళిన నెలకు మళ్ళీ ఆట తెరిచాను. బాధ కలిగి మానివేశానని వ్రాస్తే బాగుండేది కాని, మానలేదు.

తొమ్మిదేళ్ళ తరువాత, 2018 జూలైలో, ఆ ఆటనే మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేశారు. అప్పటికి టీహెచ్‌క్యూ దివాలా తీసి ఐదేళ్ళు దాటింది. ఆ పేరు కొనుక్కొన్న వేరొక సంస్థ ఈ పని చేసింది. (వొలిషన్ కూడా 2023లో మూతపడింది. కూల్చే ఆటలు కట్టినవాళ్ళు ఒకరి తరువాత ఒకరు ఇలా అయిపోయారు.) ఆ దసరాకు ల్యాప్‌టాపుతో ఇంటికి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక పడసాలలో కూర్చొని ఆడుతూ ఉంటే నాయన వచ్చి వెనుక నిలబడ్డాడు. ఆయన అప్పటికి అరవై దాటిన మనిషి. టీవీ కూడా వార్తలకు తప్ప చూడడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఒక బారకాసు మూల కొడుతున్నాను.

“అట్ల కొడితే అది నీ నెత్తిన పడ్తది” అన్నాడు.

పడింది.

“ముందుగాల పైది దింపాల. మన్ను దింపి, కట్టెలు దింపి, దంతెలు దింపి, ఆ తర్వాత దూలం. కంబం ఆఖర్ల. కంబాన్ని ముందు తీసేటోడు ఎవడన్న ఉంటడా?”

ఈ ఆటలో అదే పద్ధతి నాయనా, కంబం తీస్తేనే తొందరగా కూలుతుంది అన్నాను. కూలిన తరువాత చిన్న చిన్న మెరిసే ముక్కలు చెల్లాచెదరుగా పడతాయి, వాటిని ఏరుకోవాలి. ఆటలో వాటిని ‘సాల్వేజ్’ అంటారు. అంటే శిథిలాలలో నుండి దక్కించుకొన్నది. అదే అక్కడి డబ్బు, దానితోనే కొత్త ఆయుధాలు కొనుక్కోవాలి. ఇదంతా వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“అంత పెద్ద ఇంటికి గింతేనా దొరికేది?” అన్నాడు. తరువాత ఎదుటి గోడకు ఉన్న దర్వాజ వైపు చూశాడు. “కొట్టకుంటే ఇంక శాన దొరుకు.”

ఇక్కడ మా ఇంటి పూర్వకథ చెప్పాలి. మాది బీచుపల్లి కాదు, అది మా అమ్మ పుట్టిల్లు. నాయన వాళ్ళ ఊరు కృష్ణ అవతలి ఒడ్డున, కొల్లాపురం తాలూకాలో ఉండేది. ఇప్పుడది నాగర్‌కర్నూలు జిల్లా. మధ్యలో దాటవలసిన పెబ్బేరు వనపర్తి జిల్లా, మేమున్నది గద్వాల జిల్లా. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మా ఒక్క కుటుంబం కథ మూడు జిల్లాలకు పంపకమైంది. ఊరి పేరు వ్రాయను. ఆ ఊరు ఇప్పుడు శ్రీశైలం నీళ్ళ అడుగున ఉంది. ఆ జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో నూటికి పైగా గ్రామాలు పోయాయి, సుమారు లక్షమంది కదిలారు. 1981 జూన్‌లో ఇళ్ళు ఖాళీ చేయించడానికి బుల్డోజర్లు దిగాయి. ఆ కార్యక్రమానికి ‘ఆపరేషన్ డిమాలిషన్’ అని పేరు. ఏదో వీడియో ఆటలోని ఒక ఘట్టానికి పెట్టినట్లుండే ఈ పేరును నేను కల్పించలేదు.

ఇవన్నీ నేను పెద్దయ్యాక చదివి తెలుసుకొన్నవి. నాయన ఎన్నడూ చెప్పలేదు. అడిగితే “మునిగింది, వచ్చినం” అనేవాడు. ముప్పై ఏళ్ళు ఆ రెండు మాటలే విన్నాను. ఆ దసరా మధ్యాహ్నం అంగారకుడి మీద ఎవరిదో బారకాసు కూలినందుకు ఆయన నోరు తెరిచాడు.

బుల్డోజర్లు వస్తాయని వినగానే తాత, నాయన, చిన్నాయన కలిసి తమ మిద్దెను తామే విప్పారట. ఎనిమిది రోజులు పట్టింది. మట్టిమిద్దె ఎలా కడతారో తెలియని మిత్రుల కోసం చెబుతాను. గోడలు మందంగా ఉంటాయి కాని, కప్పు బరువు మోసేవి ముఖ్యంగా లోపలి కొయ్య కంబాలే. వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటి మీద దగ్గరదగ్గరగా కట్టెలు, ఆ పైన గడ్డి, మన్ను, అన్నిటికీ పైన వాననీరు దిగకుండా చవుడు మన్ను. విప్పేటప్పుడు ఈ క్రమమంతా తలకిందులు. మొదటి రెండు రోజులు గంపలతో మన్ను మోయడమే సరిపోయింది. “పోయేటప్పటికి కూడా మన్ను మోసినం” అన్నాడు నాయన. దూలానికి మోకులు కట్టి ఇద్దరు అటు, ఇద్దరు ఇటు పట్టుకొని పసిపిల్లను దించినట్లు దించారట. ఏ దూలం ఏ కంబం మీద కూర్చుంటుందో తెలియడానికి తాత బాడిసెతో గంట్లు పెట్టాడు. ఒక గంటు, రెండు గంట్లు, మూడు గంట్లు. ఆయనకు అక్షరాలు రావు.

దర్వాజ విప్పారు. గడప తీశారు. చివరికి పునాదిరాళ్ళు కూడా తవ్వి బండ్లకు ఎత్తారు. పక్కింటాయన మాత్రం నీళ్ళు అంత దూరం రావని నమ్మి కూర్చొన్నాడట. ఆయన ఇంటిని యంత్రం ఒక పూటలో నేలమట్టం చేసింది. దూలాలన్నీ విరిగిపోయాయి. “వంటచెరుకయింది” అన్నాడు నాయన. ఆ మాట దగ్గర కొంచెం ఆగాడు.

తెరమీద మేసన్ సమ్మెట పట్టుకొని నిలబడి ఉన్నాడు. నాయన అడిగాడు: “పునాది తవ్వవా?”

ఈ ఆటలో నేల తవ్వరాదు నాయనా.

“ఐతే సగం ఇడిసిపెట్టి పోతున్నవు.”

కూడవెల్లిలో, కృష్ణా తుంగభద్రలు కలిసే చోట, చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం నీళ్ళలో మునిగిపోకుండా దానిని రాయి రాయిగా విప్పి, అలంపురం తీసుకువచ్చి మళ్ళీ కట్టారు. నేను చాలాసార్లు చూశాను. ఎక్కడ విప్పారో, ఎక్కడ అతికారో తెలియదు. పురావస్తు నిపుణులు గుడికి చేసినదీ, అక్షరాలు రాని మా తాత మిద్దెకు చేసినదీ ఒకే పని. కాకపోతే గుడిని చూడడానికి జనం వస్తారు.

బండ్లు పెబ్బేరు మీదుగా వచ్చి, బీచుపల్లి వంతెన దాటి, ఆంజనేయస్వామి గుడి దగ్గర ఒక రాత్రి ఆగాయట. మా అమ్మ తరపువాళ్ళు ఇచ్చిన జాగాలో అదే దర్వాజ, అవే దూలాలు, అవే గంట్ల వరుసతో ఇల్లు లేచింది. గోడల మన్ను మాత్రం ఈ ఊరిది. నేను ఆ ఇంట్లో పుట్టాను. చిన్నప్పుడు వెల్లకిలా పడుకొని ఆ గంట్లు లెక్కపెట్టేవాణ్ణి. అవి చెదలు కొట్టిన గుర్తులనుకొన్నాను.

ఇంతవరకు చెప్పి ఊరుకొంటే మంచి కథే అవుతుంది. కాని ఆ దసరాకు నేను వెళ్ళింది పండుగ కోసం కాదు. అన్న పిలిచాడు. పాత మిద్దె తీసివేసి స్లాబు ఇల్లు కట్టాలని, నాయన ఒప్పుకోవడం లేదని, నేను నచ్చజెప్పాలని. అన్న మాటలో తప్పు లేదు. కప్పు మూడుచోట్ల కురుస్తున్నది. 2009 గోడ ఒక తీరుగా, పాత గోడ ఒక తీరుగా కుంగుతున్నవి. అమ్మ రాత్రిపూట భయపడుతున్నది. ఎర్రవల్లి చౌరస్తా నుండి జేసీబీ వస్తే గంటన్నర పని అని అన్న లెక్క. నేను అన్న పక్షానే వెళ్ళాను. నాయన ముందు ఆ సంగతి ఎత్తడానికి ధైర్యం చాలక ల్యాప్‌టాపు తెరుచుకొని కూర్చొన్నాను. అదీ అసలు సంగతి.

ఆ రాత్రి అన్నకు చెప్పాను, నాయనకు కావలసింది ఇల్లు ఉండడం కాదేమో, జేసీబీ రాకుండడమేమో అని. అన్నకు కోపం వచ్చింది. “నువ్వు పట్నంల కూసొని మాట్లాడ్తవు. కూలీలకు ఎంత అయితదో తెలుసా?” అన్నాడు. తెలియదు. సగం ఖర్చు నేను పెట్టుకొంటానన్నాను. డబ్బుతో తేల్చినందుకు అన్న ఇంకా చిన్నబుచ్చుకొన్నాడు. ఆ ముడి ఇప్పటికీ పూర్తిగా విడలేదు. ఎప్పుడైనా ఇంటి మాట వస్తే “నీ దర్వాజ” అంటాడు.

2019 మే నెలలో విప్పాము. నలుగురు కూలీలు, అన్న, నేను. నాయన వేపచెట్టు కింద మంచం వేసుకొని, వరుస చెబుతూ. నిజమైన సమ్మెటను నేను అప్పుడే మొదటిసారి ఎత్తాను. ఆటలో వందలకొద్దీ గోడలు కూల్చిన ఈ వీరుడు పదిహేను దెబ్బలకు కూర్చున్నాడు. పైగా నా దెబ్బ అవసరమే లేదు. పని అంతా గంపలతోనూ, మోకులతోనూ జరిగింది. కొట్టడానికి కాదు, కొట్టకుండా ఉండడానికి బలం కావాలి. దూలం ఒకవైపు జారినప్పుడు దానిని విడిచి దూకకుండా పట్టుకొని నిలబడడానికి కావాలి. ఆ ఒక్క క్షణం నేను విడిచిపెట్టాను. అన్న విడువలేదు. అన్న భుజానికి చెక్కుకుపోయిన గాయం మచ్చగా ఉంది.

ఐదు రోజులు పట్టింది. రెండు దూలాలు లోపల గుల్లబారి ఉన్నాయి. మూడు గంట్ల దూలం మాత్రం మోగింది. నాయన లేచి వచ్చి వేళ్ళతో కొట్టి విని, తలూపి వెళ్ళి కూర్చున్నాడు. దర్వాజ చివర దించాము. కొత్త ఇంటికి అది పొట్టి. ఏడడుగులు లేనిదే కుదరదని మేస్త్రీ తేల్చి చెప్పాడు. వంగి పోలేమా అని నాయన అడిగాడు. మేస్త్రీ నవ్వాడు, నాయన నవ్వలేదు. చివరకు దానిని పెరట్లో ఎడ్లకొట్టానికి పెట్టారు. ఎడ్లు లేవు. అక్కడ ఇప్పుడు అన్న ట్రాక్టరు సామాను ఉంటుంది. లోపలికి పోవాలంటే అందరూ వంగుతారు.

పని ముగిసిన రాత్రి ఆరుబయట పడుకొన్నాము. చేతులు బొబ్బలెక్కి నిద్ర పట్టలేదు. ల్యాప్‌టాపు తెరిచాను. పార్కర్ అనే మొదటి ప్రాంతంలో, గనివాళ్ళ వాడలో ఒక చిన్న ఇల్లు వెతుక్కొన్నాను. ఒంటరి గది, రేకుల కప్పు. నాయన చెప్పిన వరుసలో విప్పడానికి ప్రయత్నించాను. పైకెక్కి కప్పు అంచు నుండి మొదలుపెట్టాను. కొట్టిన చోటల్లా ముక్కలై లోపల పడింది. రేకును రేకుగా తీసే వీలు లేదు. దించడానికి మోకు లేదు. మేసన్ చేతులకు పట్టుకోవడం తెలుసు, కొట్టడం తెలుసు, అందుకోవడం తెలియదు. ఎంత మెల్లగా చేసినా నాలుగు గోడలలో రెండు కూలాయి. గోడలు నాలుగూ పోయాక కూడా తలుపు చట్రం కొంచెంసేపు నిలబడింది. చివరకు అదీ ఒరిగింది.

పక్క మంచం మీద నాయన మేలుకొనే ఉన్నాడు.

“ఏమి దక్కింది?” అన్నాడు.

అయిదు ముక్కలు అన్నాను.

“దర్వాజ?”

విరిగింది నాయనా.

సరేలే అన్నట్లు చేయి ఊపి అటు తిరిగి పడుకొన్నాడు. వంతెన మీద లారీల చప్పుడు తెల్లవారేదాకా వినబడుతూనే ఉంది.